తడక కట్టిన టేకు దర్వాజ

మొన్న హుజూరాబాద్ నుంచి మా తమ్ముని కొడుకు వచ్చాడు. ఇల్లు బాగు చేయిస్తున్నాడట. చేతిలో ఒక కాగితం, దాని మీద ఇంజనీరు రాసిచ్చిన పనుల వరుస. ముందు ఇంటి ముఖం, తర్వాత హాల్లో కొత్త బండలు, ఆ తర్వాత మెట్లకు స్టీలు కమ్ములు, అన్నిటికంటే కింద వంటగది. "గీ వరుసల చేస్తె ఇంటి ధర పెరుగుతదట అత్తా, రేపు అమ్ముకున్నా కిరాయికిచ్చినా అక్కెరకొస్తది" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితమంతా చదివి, "పొద్దంతా నీ ఇంట్ల ఎవలుంటరు, ఏ అర్రల ఉంటరు?" అని అడిగాను. కాగితం మళ్లీ చూసుకుని నవ్వేశాడు. "గా మాట ఇంజనీరు అడుగలే అత్తా" అన్నాడు. అతన్ని ఏమీ అనలేను. ఆ మాట మా పుట్టింట్లో కూడా చాలా ఏళ్లు ఎవరూ అడగలేదు. అడగనందుకు మా అవ్వ, అంటే మా అమ్మ, కళ్ల సంగతి ఎందాకా వచ్చిందో ఇప్పటికీ మరచిపోలేను. అక్కడితో ఆగినందుకు పొద్దున దీపం పెట్టేటప్పుడు ధర్మపురి నరసింహస్వామికి నేను వేరుగా ఒక దండం పెట్టుకుంటాను.

మాది హుజూరాబాద్‌కు బండి బాటలో ఉన్న చిన్న ఊరు. పోలీసు చర్య నాటి గడబిడ సద్దుమణిగి, జనం మళ్లీ ఇళ్ల గురించి, పంటల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన కాలం. మట్టి గోడలు, గూనపెంకుల కప్పు, వాకిట్లోకి తెరుచుకునే మూడు అర్రలు, అంటే గదులు, ముందర వసారాలా సాయబాను, వెనుక వంటర్ర. గోడల అడుగున ఎర్రమట్టి జాజు, పైన సున్నం. పండుగలకు ముందు ఇల్లంతా అలికితే ఆ పచ్చి పేడ వాసన, తడిసిన జాజు వాసన కలిసి ఇంట్లోకి ఏదో కొత్త మనిషి వచ్చినట్టుండేది. కాని వంటర్రకు మాత్రం ఏడాది పొడుగునా ఒకటే వాసన, పొగ వాసన. ఆ అర్రకు కిటికీ లేదు. గాలి తగిలితే పొయ్యి సరిగ్గా మండదని, వండిన కూడు మీద పరాయి కన్ను పడొద్దని పెద్దలు ఎన్నడో అలా కట్టారు. కప్పు ఎంత కిందికి ఉండేదంటే మా బాపు, అంటే నాన్న, లోపలికి రావాలంటే వంగాల్సిందే. అందుకేనేమో ఆయన ఎక్కువగా వచ్చేవాడు కాదు. కోడి కూయగానే అవ్వ అందులోకి పోయేది. తుమ్మ మొద్దులు, కందికట్టె, వానాకాలమైతే సగం తడిసిన పిడకలు. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, జొన్న రొట్టెలు కొట్టి, అంబలి కాచి, పొలానికి పోయేవాళ్లకు మూటలు కట్టి, బయటికి వచ్చేసరికి ఆమె కళ్లు నిప్పు కణికల్లా ఉండేవి. నా చిన్నతనంలో అవ్వ ఏడ్చిందా, పొయ్యి దగ్గర నుంచి వచ్చిందా నాకు తెలిసేది కాదు. రెండింటికీ ముఖం ఒకటే.

నేను బడికి పోలేదు. మా ఊళ్లో ఆడపిల్లలను బడికి పంపే రివాజు లేదు. నాకు బడి మా అవ్వే. మా తాత, అంటే అవ్వ తండ్రి, ధర్మపురి వైపు భజనలు చేసే మనిషి. కూతురికి పద్యాలు చదివేటంత చదువు నేర్పి పంపాడు. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయిపోయాక అవ్వ సాయబాన్లో కూర్చుని, అలికిన నేల మీద ముగ్గుపిండితో అక్షరాలు పోసేది, నేను వేలుతో దిద్దేదాన్ని. నాలుగు మాటలు కూడబలుక్కుని చదవడం వచ్చాక తన పెట్టెలోంచి పాత స్తోత్రాల పుస్తకం తీసింది. రోజుకో పద్యం. బాపు ఉర్దూ బడిలో చదువుకున్నవాడు, తెలుగు అక్షరాలు ఆయనకు రావు. "తల్లీ బిడ్డలు ఏం గుసగుసలు పెట్టుకుంటాండ్రో, మాకైతె ఎరుకగాదు" అని నవ్వుతూ పక్కనుంచి పోయేవాడు. ఒకరోజు అవ్వ పోసిన అక్షరాల మీదే మళ్లీ అక్షరాలు పోసింది. "అవ్వా, గా జాగల పోసినవు గదా" అన్నాను. పిండి చేయి అలాగే ఆపి నేలకేసి చాలాసేపు చూసింది. "ఔ బిడ్డా, ఎండ పొడకు కండ్లు చిమ్మచీకట్లయినయ్" అంది. ఆరోజు ఎండ లేదు, ముసురు. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. భయమేసింది, కాని ఎందుకు భయమేసిందో చెప్పడం తెలియలేదు.

మా ఇంట్లో ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో తేల్చేది మా బాపమ్మ. ఆమె బాపుకు తల్లి. ఆమెకు ఒక పద్ధతి ఉండేది, అలాంటిది నేను మరో ఇంట్లో చూడలేదు. మిరుగం కార్తె వచ్చి మొదటి పెద్ద వాన పడిందంటే బాపమ్మ నడుముకు కొంగు బిగించి ఇల్లంతా తిరిగేది. ఎక్కడ చుక్క పడితే అక్కడ ఒక గిన్నె. రాగి చెంబు, కంచు గిన్నె, సత్తు తపేలా, ఏవీ చాలకపోతే పాత మట్టి కంచుడు. ఇల్లంతా టపటపమని రకరకాల చప్పుళ్లు. వాన వెలిశాక వాటినన్నిటినీ సాయబాన్లో వరుసగా పెట్టించి, ఒక్కోదాంట్లో వేలు ముంచి ఎన్ని కణుపుల దాకా తడిసిందో చూసేది. ఏది ఎక్కువ నిండితే ఆ జాగ పని వచ్చే ఎండాకాలం ముందు. రెండోది ఆ పై ఏడు. బాపు తల ఊపేవాడు. "ఇల్లు నోరు లేనిది కొడ్కా, దాని కష్టం గిన్నెలల్లనే చెప్పుకుంటది" అనేది బాపమ్మ. అలా ఒక ఏడు పడమటి అర్ర పెంకులు మారాయి, ఒక ఏడు గింజలు పోసే అర్రకు కొత్త దూలం పడింది, ఇంకో ఏడు వాన కొట్టే గోడకు అంచు పెరిగింది. ఇల్లు నిజంగానే ఏడాదికేడాది గట్టిపడింది, దానికి ఆ ముసలామెకు దండం పెట్టాలి. కాని వంటర్రలో మాత్రం ఏనాడూ గిన్నె పెట్టలేదు. ఎందుకంటే అది కారేది కాదు. తరాల పొగ పట్టి ఆ వాసాలు ఇనుములా నల్లబడ్డాయి, పెంకుల సందులు మసితో పూడుకుపోయాయి. "ఇంట్ల అన్నిట్ల గట్టి అర్ర మన వంటర్రనే" అని బాపమ్మ పదిమందికీ చెప్పుకునేది. గిన్నెలు పెట్టేది, తీసేది, తోమేది అవ్వే. ఆమె కూడా ఏనాడూ ఒక్క మాట అనలేదు.

అవ్వకు ఒక అన్న. నాకు మేనమామ. జైనూర్ వైపు అడవిలో జంగ్లాతు గుత్తేదారు దగ్గర లెక్కలు రాసే పని. ఈ దర్వాజ సంగతికి ముందు ఏడు మా ఇంటికి వచ్చినప్పుడు చెల్లెలి కళ్లు చూసి, వంటర్రలో కాసేపు కూర్చుని, దగ్గుకుంటూ బయటికి వచ్చి, "బావా, గా కప్పు నడుమ జరంత లేపు. లేపి దాని మీద ఇంకో చిన్న కప్పు ఎయ్యి. సందులకెల్లి పొగ మీదికి పోతది. కట్టె నేను పంపుత" అని చెప్పి పోయాడు. బాపు నిండు మనసుతో సరే అన్నాడు. అన్నమాట ప్రకారం చలికాలం చివర జంగ్లాతువాళ్ల అనుమతి చిట్టీతో సహా బండి మీద రెండు టేకు మొద్దులు వచ్చాయి. వాకిట్లో దించగానే ఊరంతా చూడ్డానికి వచ్చింది. నిండు మనిషి కౌగిలికి అందనంత లావు, తాళ్లు విప్పుతుంటేనే నూనె వాసన. నేను వాటి మీద చెవి పెట్టి పడుకున్నాను. అవ్వ వంటర్ర గడపలో నిలబడి చూసి, లోపలికి పోయి బెల్లం పానకం కలిపి బండివాళ్లకు ఇచ్చింది. ఆమె అంత తొందరగా నడవడం అప్పుడే చూశాను.

మా ఊరి వడ్రంగి, వడ్ల కనకయ్య వచ్చి మొద్దును బాడిసెతో ఒకచోట చెక్కి, ఆ ఎర్రటి పొడ చూసి, నెత్తి పట్టుకున్నాడు. "గింత సక్కటి కట్టెను తీస్కపోయి పొగల పెడ్తవా పటేలా? పాపం తాకుతది. వంటర్రకు ఏ తుమ్మనో ఏపనో సాలదా?"

"మా బామ్మర్ది దానికే పంపిండు కనకయ్యా" అన్నాడు బాపు, కాని ఆయన చూపు అప్పటికే వీధి వైపు తిరిగింది. మా ముందరి దర్వాజ పాతది, చెదలు తిన్నది. ఎదురింటాయన ఆ ఏడే చెక్కడపు దర్వాజ పెట్టించాడు.

"ఇంటి విలువ దర్వాజ సూసి చెప్తరు పటేలా. లోపల ఎవడు సూడొచ్చిండు? గీ పెద్ద మొద్దుల చౌకట్టు ఎల్తది, రెండో దాంట్ల తలుపు రెక్కలు ఎల్తయ్. నిర్మల్ పనోనికి తీసిపోకుంట పువ్వులు చెక్కుత."

బాపు వంటర్ర వైపు తిరిగి కొంచెం గట్టిగా, నాతో అన్నట్టుగా అన్నాడు, "మీ అవ్వను అడుగు బిడ్డా, వంటర్రకు వచ్చే ఏడు చేద్దమా అని."

లోపలి నుంచి ఊదుగొట్టం చప్పుడు ఆగింది. "కానీయుమనుండ్రి. ఇంటికి మొకం మంచిగుంటె అందరికి మంచిదే గద" అంది అవ్వ. బాపమ్మ కూడా, వంటర్ర ఎన్నడూ ఒక్క చుక్క కారలేదని, దానికి ఇప్పుడేం తొందరని అంది. ఎవరి మాటలోనూ చెడ్డతనం లేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. అందరూ మంచివాళ్లే కూర్చుని, అందరూ ఇంటి మేలు కోరే, ఇంట్లో ఒక మనిషి కళ్లను వరుసలో అన్నిటికంటే కిందికి తోశారు.

దర్వాజ నిలబెట్టడమంటే మా వైపు చిన్న పెళ్లంత. మంచిరోజు చూశారు. గడప కింద నవధాన్యాలు పోశారు, చౌకట్టుకు, అంటే ద్వారబంధానికి, పసుపు పూశారు, మామిడాకులు కట్టారు. ఒకసారి అలా పూజ చేసి నిలబెట్టాక దాన్ని మళ్లీ ఊడదీయకూడదు. తీస్తే ఇంటికే అరిష్టమని పట్టింపు. మామను కూడా పిలిచారు. ఆయన బండి దిగి, తన టేకు ఎక్కడ నిలబడిందో చూసి, కాళ్లు కడుక్కుని ఒక పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్లు వరుసగా వచ్చి చౌకట్టుకు బొట్లు పెడుతున్నారు. బాపమ్మ ఒక చేత్తో చౌకట్టు పట్టుకుని అందరికీ కుంకుమ భరిణె చూపుతోంది. అవ్వ వంతు వచ్చింది. వేలికి కుంకుమ అద్దుకుని, ముందుకు వంగి, ఎంతో శ్రద్ధగా, బాపమ్మ వేళ్ల మీద బొట్టు పెట్టింది.

ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. "ఏందే, దర్వాజకు పెడ్తానవా, అత్తకు పెడ్తానవా?" "అత్తను సుత నిలబెడ్తాంది తియ్యి!" బాపమ్మ కూడా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. మామ ఒక్కడే నవ్వలేదు. లేచి వచ్చి చెల్లెలి ఎడమ పక్కన, చేయి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. ఆమె తిరగలేదు. అలాగే నిలబడి ఉన్నాడు. ఆమెకు తెలియలేదు. "చెల్లె" అని పిలిస్తే ఉలిక్కిపడింది. "నువ్వెప్పుడొచ్చినవే అన్నా?" అంది. అప్పటికి మామ వచ్చి చాలాసేపయింది. అప్పుడు నవ్వులు ఆగాయి.

మామ బాపును పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాడు. నేను చౌకట్టు వెనుకే ఉన్నాను. "కట్టె నీకే ఇచ్చిన బావా, ఇచ్చినంక దాని మాట అడుగ. చెల్లెను మాత్రం పురాగ ఇయ్యలే. రేపు కరీంనగర్ దవాఖానకు తీస్కపోత." బాపు ముఖం మాడిపోయింది. "నేను సుత వస్త" అన్నాడు. "నువ్వుండు. ఇల్లు సూస్కో" అన్నాడు మామ. ఆ చివరి మాటలో దెప్పు ఉందో లేదో నాకు తెలియదు. బాపుకు మాత్రం ఉన్నట్టే తగిలింది.

అవ్వ దవాఖానకు పోయిన తర్వాత వంట బాపమ్మ నెత్తిన పడింది. కోడలు వచ్చినప్పటి నుంచి ఆమె ఆ అర్రలో గట్టిగా ఒక పూట కూర్చున్నది లేదు. మొదటి రోజు ఊదుగొట్టం పట్టుకుని కూర్చుని, నాలుగుసార్లు బయటికి వచ్చి దగ్గింది. "ఎట్ల కూసుంటదే గీ పిల్ల గిండ్ల" అని నన్నే అడిగింది. ముప్పై ఏళ్లు దాటిన కోడలిని ఆమె పిల్ల అనడం నేను వినడం అదే మొదలు. అప్పుడే మిరుగం కూడా వచ్చింది. తడిసిన పెంకుల్లోంచి పొగ ఇసుమంత కూడా బయటికి పోదు. ఇల్లంతా గిన్నెలు పెట్టే రోజు బాపమ్మ వంటర్రలో కూడా ఒక కంచు గిన్నెలో మంచినీళ్లు పోసి పొయ్యికి మూరెడు దూరంలో పెట్టింది. "అండ్ల కారదు గద బాపమ్మా" అన్నాను. "నోరు మూసుకో" అంది.

ముసురు పట్టిన రెండో రోజు, మంగళవారం, మామ దగ్గర నుంచి కార్డు వచ్చింది. తెలుగులో ఉంది. ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. బాపు సాయబాన్లో కూర్చుని కార్డు నా చేతికిచ్చాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. డాక్టరమ్మ చూసిందని, ఎడమ కంటి మీద పొర కమ్మిందని, అది మందుకు తగ్గదని, కుడి కన్ను బాగానే ఉందని, కాని మళ్లీ పొగలో కూర్చుంటే అది కూడా పోతుందని చెప్పిందని, వచ్చే శుక్రవారం తీసుకొస్తున్నానని రాశాడు. చదివి తల ఎత్తితే బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. "మల్ల చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. రెండోసారి నాకు ఏడుపు వచ్చింది. ఆ అక్షరాలన్నీ అవ్వ ముగ్గుపిండితో పోసినవే. వాటితోనే ఆమె కన్ను పోయిందన్న మాట నేను చదవాల్సి వచ్చింది.

"వానల కప్పు ఎట్ల ఇప్పుతరు? గీ నాలుగు నెలలు సాయబాన్ల వండుకోమందం. ఎండకాలం రాంగనే మొదలు గదే పని" అన్నాడు బాపు. సాయబానుకు మూడు వైపులా జల్లు కొడుతుందని ఆయనకూ తెలుసు.

బాపమ్మ అప్పుడు లేచింది. గిన్నెలన్నీ ఒక్కొక్కటే తెచ్చి బాపు ముందు వరుసగా పెట్టింది. చివర వంటర్రలోని కంచు గిన్నె తెచ్చి పెట్టింది. నీళ్ల మీద వేలు మందం మసి, బూడిద తెట్టు కట్టి, కింద నీళ్లున్నట్టే కనిపించలేదు.

"గిదేంది? గిది యాడ కురిసింది?" అన్నాడు బాపు.

"గిది మీదికెల్లి కురువలే కొడ్కా. లోపటికెల్లి కురిసింది. రెండు దినాలది గిది. ఇరవై ఏండ్లు నా కోడలు కండ్లల్ల కురిసింది" అంది బాపమ్మ. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "నీ తప్పు కాదు. గిన్నెలు పెట్టినదాన్ని నేను. యాడ పెట్టాల్నో తెలువకపాయె."

బాపు ఆ గిన్నెలో వేలు ముంచాడు. నల్లబడిన వేలిని చూసుకుని, ధోవతికి తుడుచుకోకుండా అలాగే పట్టుకుని లేచి, వానలోనే కనకయ్య ఇంటికి పోయాడు.

చౌకట్టును ముట్టడానికి లేదు, పూజ అయిపోయింది. మిగిలింది రెండో మొద్దు, తలుపు రెక్కల కోసం నీడలో ఆరబెట్టింది. కనకయ్యకు ప్రాణం పోయినట్టయింది. "రెక్కలు లేకుంట దర్వాజనా పటేలా? ఊరు నవ్వదా? అదీ గాక వానల కప్పు ఇప్పుతరా ఎవలన్న?" బాపు ఒకటే మాట, "శుక్రవారం ఆమె వస్తది." కనకయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకుని బాపు వెంట వచ్చాడు. ఆ రెండు రోజులు ఆయనా, ఆయన తమ్ముడూ సాయబాన్లో రంపం ఆపలేదు. టేకు పొట్టు ఇల్లంతా ఎగిరి, అన్నంలో కూడా టేకు వాసన. బాపమ్మ పొద్దున లేస్తే ఆకాశం వైపు చేతులు జోడించి, "ఒక్క దినం, నా తండ్రీ, ఒక్క దినం ఆపు" అని వేములవాడ రాజన్నను వేడుకునేది. నేను అవ్వ పుస్తకంలోని పద్యాలు నాకొచ్చినన్ని చదివేదాన్ని. గురువారం వాన ఆగింది. ఎందుకు ఆగిందని ఇప్పటి పిల్లలకు నేను చెప్పబోను, నా మటుకు నాకు తెలుసు. ఇరుగుపొరుగు తాటికమ్మలు మోసుకొచ్చారు, తమ పని వదులుకుని నలుగురు పైకెక్కారు. మసి పట్టిన పాత పెంకులు దించి, నడుమ మూరెడు ఎత్తు పొట్టి టేకు నిట్టాళ్లు, అంటే గుంజలు, నిలిపి, వాటి మీద చిన్న కప్పు వేసి, పొద్దుగూకే లోపల పెంకు కప్పారు. దిగేసరికి అందరూ బొగ్గుల్లా ఉన్నారు. ఎదురింటాయన కూడా ఎక్కాడు. అతని చెక్కడపు దర్వాజ గురించి నేను ఇంతకుముందు రాసిన దానికి ఈ మాట కూడా కలపాలి.

శుక్రవారం అవ్వ వచ్చింది. మామ చేయి పట్టుకుని బండి దించాడు. ఎడమ కంటికి గుడ్డ కట్టి ఉంది. నేరుగా వెనక్కి పోయి వంటర్ర గడపలో నిలబడింది. పైనుంచి ఒక వెలుతురు పట్టె వచ్చి పొయ్యి మీద పడుతోంది. ఆ అర్రలో నేల ఏ రంగుదో అప్పటి దాకా నాకూ తెలియదు. అవ్వ కూర్చుని కందికట్టె అంటించింది. పొగ ముందు అలవాటుగా ఆమె వైపే వంగి, తర్వాత మెల్లగా నిటారుగా లేచి, పైకి పోయింది. ఆమె తలెత్తి దాన్నే చూస్తూ ఉండిపోయింది. "ఎటు పోతాందే గది?" అని నన్ను అడిగింది. "మీదికి, అవ్వా" అన్నాను. మామ బయట నిలబడి అదంతా చూసి, బాపు భుజం మీద చేయి వేశాడు. "ఇగ ఫికర్ లేదు బావా" అన్నాడు.

తలుపు రెక్కలకు మళ్లీ టేకు దొరకడానికి చాలా కాలం పట్టింది. మొదటి ఏడు పంట సరిగ్గా పండలేదు, తర్వాతి ఏడు ఎద్దు చచ్చిపోయింది. అప్పటి దాకా ఆ పూల చెక్కడాల టేకు చౌకట్టుకు ఒక వెదురు తడక కట్టి ఉండేది. ఊళ్లో అదొక నవ్వులాట. "పటేలా, చౌకట్టు దొరది, తడక గొర్లోనిదా?" "రాత్రి కుక్క తోసుకొని వచ్చి నీ మంచం మీద పండదా?" సమితి అధికారి ఒకాయన వచ్చినప్పుడు తడక ఎత్తుకుని వంగి లోపలికి రావాల్సి వచ్చింది. ఇజ్జత్ అంటే ప్రాణమిచ్చే మనిషి మా బాపు. అంతా విని, "మా ఇంట్ల తలుపు వంటర్ర నెత్తిన ఉన్నది, పోయి సూడుండ్రి" అనేవాడు. కొందరు నిజంగానే వచ్చి చూసేవాళ్లు. చూసిపోయిన ఆడవాళ్లు మగవాళ్లతో ఏమన్నారో ఏమో, రెండు మూడేళ్లలో మా వీధిలో నాలుగు వంటర్రల కప్పులు లేచాయి.

ఇప్పటి ఇళ్లు చూస్తే నాకు ఈర్ష్య లేదు, సంతోషమే. గ్యాసు పొయ్యి ముందు నిలబడి నా కోడలు పాట పాడుకుంటూ వండుతుంటే వంటింట్లో పాట కూడా పాడవచ్చా అని మురిసిపోతాను. మా అవ్వకు ఊపిరి ఊదుగొట్టానికే సరిపోయేది. కాని మనుషులు ఇల్లు చూసే తీరు మాత్రం అంతగా మారలేదనిపిస్తుంది. బయటివాళ్లు చూసేది ముందు, లోపలివాళ్లు ఓర్చుకునేది తర్వాత. ఓర్చుకునేవాళ్లు నోరు విప్పరు, విప్పకపోవడమే మంచితనమని మనమే నేర్పుతాం. మా బాపమ్మ చదువులేని మనిషి, తన పద్ధతిలోనే తప్పుందని ముసలితనంలో ఒప్పుకుంది. మా బాపు వీధంతా నవ్వుతుంటే తడక కట్టుకుని బతికాడు. వీళ్లిద్దరికీ నేను ఎంత రుణపడ్డానో, నేను చదువుకున్న ప్రతి అక్షరానికీ తెలుసు. ఆ ఒక్క కంటితోనే అవ్వ నాకు ఆ పుస్తకమంతా చెప్పింది. పొయ్యి దగ్గరే, ఆ వెలుతురు పట్టెలో, ఒక చేత్తో రొట్టె తిప్పుతూ.

ఆఖరికి తలుపు రెక్కలు ఎక్కిన రోజు నాకు బాగా జ్ఞాపకం. అప్పటికి నాకు పెళ్లయింది, పుట్టింటికి వచ్చి ఉన్నాను. కనకయ్య ముసలివాడయ్యాడు, చేయి వణుకుతోంది, అయినా చెక్కడం ఎవరికీ వదల్లేదు. రెండు రెక్కల మీద రెండు పెద్ద తామర పువ్వులు. ఊళ్లో పెద్దలంతా వచ్చి చేతులు వేసి నిమిరి మెచ్చుకున్నారు. బాపు చాలా ఏళ్ల తర్వాత మీసం దువ్వాడు. అందరూ పోయాక అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు ముందు నిలబడింది. తల ఎడమ పక్కకు తిప్పి, కుడి కంటితో మెల్లగా మొదటి పువ్వు చూసింది, రెండోది చూసింది. వేలు చాపింది. "గీ పువ్వుకు ఆరు రెక్కలున్నయ్. గా పువ్వుకు అయిదే" అంది.

కనకయ్య దగ్గరకు వచ్చి చూసి, లెక్కపెట్టి, నాలుక కరుచుకున్నాడు. పొద్దటి నుంచి అంతమంది చూశారు, ఒక్కరికీ కనిపించలేదు. "ఒక్క గంటల సరిచేస్త పటేలా, జర పక్కకు జరుగు" అని ఉలి తీశాడు.

బాపు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "ముట్టకు" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది, కళ్లలో నీళ్లు. "గట్లనే ఉండనీ కనకయ్యా. మా ఇంటామె కంటికి దొరికింది అది."